హారను పట్టే మూగనోము

మోటారు వాహనానికి అమర్చిన అంగాలలో చాలావరకు ఎక్కినవాని మేలు కోరి అమర్చినవే. ఇంజను అతనిని గమ్యానికి చేరుస్తుంది. కమానులు గతుకుల బాధ తప్పిస్తాయి. ముందటి దీపాలు అతనికి దారి చూపుతాయి. హారను, వెనుకటి ఎర్ర దీపం, ఈ రెండూ మాత్రం ప్రధానంగా దారిన పోయే ఇతరుల కోసం పెట్టినవి. వాహనం ఎక్కనివానికి, దాని యజమాని పేరు కూడా తెలియనివానికి, ఆ వాహనంలో ఉన్న వాటా హారను ఒక్కటే అని చెప్పవచ్చును.

అందుచేతనే కాబోలు, హారను చెడితే దానిని బాగుచేయించడంలో మనం ఇంత తాత్సారం చేస్తాము. బ్రేకు జారితే యజమాని గుండె ఝల్లుమంటుంది; ఆ పూటే మేస్త్రీని పిలుస్తాడు. హారను మూగపోతే, "రేపు చూద్దాములే" అంటాడు. ఆ రేపు ఎన్నడో గాని రాదు. ఈ చిన్న పరికరం ఎట్లా పుట్టినదో, ఎట్లా పలుకుతుందో, ఎందుకు మూగనోము పడుతుందో తెలుసుకుంటే, ఆ నిర్లక్ష్యం కొంతైనా తగ్గవచ్చును.

మోటారు రాకముందు కూడా దారులు మౌనంగా లేవు. పల్లకీ మోసే బోయీలు అడుగుకొక ఊతపదం పలికేవారు. అది వారి అలుపు తీర్చడమే గాక, ఎదుటివారిని పక్కకు తప్పుకొమ్మని చెప్పేది. తపాలా మోసుకుపోయే జవాను చేతి బల్లేనికి గంటలు ఉండేవి. ఎద్దుల మెడలోని మువ్వలు చీకటిలో బండి రాకను ముందే తెలిపేవి. జట్కావాడు కొరడా కర్రను తిరుగుతున్న చక్రపు ఆకుల నడుమ ఆనించి టకటక మని చప్పుడు చేసేవాడు. ఆ చప్పుడు విని సందులో ఆడుకునే పిల్లలు అరుగులెక్కేవారు. ఈ సాధనాలలో దేనికీ యంత్రం లేదు. కాని, వచ్చేవాడు తన రాకను తానే చెప్పుకొనవలెనన్న మర్యాద అన్నిటిలోనూ ఉన్నది.

యంత్రపు బండి పుట్టిన తొలినాళ్ళలో ఇంగ్లండు ప్రభుత్వానికి ఈ మర్యాద మీద పట్టుదల మరీ హెచ్చు. 1865లో చేసిన చట్టం ప్రకారం రోడ్డు మీద నడిచే యంత్రపు బండి ఊరి బయట గంటకు 4 మైళ్ళు, ఊరిలో 2 మైళ్ళు మించి పోరాదు. దానికి 60 గజాల ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకొని నడవవలెను. అనగా, ఆనాటి హారను రెండు కాళ్ళ మనిషే. ఆ జెండా నిబంధన 1878లో సడలినది. ముందు మనిషి నడవవలెనన్న కట్టుబాటు 1896లో తొలగినది. వేగం పెరిగిన కొద్దీ, బండికంటె ముందుగా పోగలిగినది ధ్వని ఒక్కటే అయినది.

మోటారుకు తొలుత అమరిన గొంతులలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది రబ్బరు బుడ్డి బూర. ఇత్తడి గొట్టం, దాని మొదట రబ్బరు బుడ్డి, రెంటి నడుమ సన్నని లోహపు నాలుక. బుడ్డిని పిడికిట పట్టి నొక్కితే గాలి ఆ నాలుకను కదలిస్తుంది. హార్మోనియంలో స్వరాన్ని పలికించేదీ ఇటువంటి నాలుకే. విద్యుత్తు హారను సర్వసాధారణమైన తరువాత కూడా చాలాకాలం లారీల మీద, బస్సుల మీద డ్రైవరు కుడిచేతి పక్కన ఈ బూర కనిపించేది. పల్లెటూరి పిల్లలు మోటారుకు పెట్టుకున్న "పొం పొం" అనే పేరు దీని పలుకే.

ఈ బూరకు వచ్చే రోగాలు తక్కువ. రబ్బరు ఎండకు బీటలు వారితే గాలి మధ్యలోనే పోతుంది. చెవి దగ్గర పెట్టుకుంటే బుసబుస వినిపిస్తుంది. నాలుక కింద దుమ్ము చేరితే గొంతు రాసుకుపోతుంది; పలుచని కాగితాన్ని నాలుక కిందకు జొనిపి మెల్లగా లాగితే దుమ్ము రాలిపోతుంది. కొన్నాళ్ళు కదలక నిలిచిన బండి బూరలో కందిరీగ మట్టిగూడు కట్టడమూ కద్దు. వైద్యుడు చెవి, ముక్కు, గొంతు చూసినట్లు, ఈ మూడింటినీ చూస్తే చాలును.

ఆ మెత్తని పలుకు పట్టణపు సందడిలో వినిపించని రోజు వచ్చినది. అమెరికాలో మిల్లర్ రీజ్ హచిసన్ అనే శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన క్లాక్సన్ అనే హారను 1908లో బజారుకు వచ్చినది. ఇందులో చిన్న విద్యుత్తు మోటారు పళ్ళచక్రాన్ని తిప్పుతుంది. ఆ పళ్ళు ఒక ఉక్కు రేకు నడుమ ఉన్న మేకును వరసగా తాకుతాయి. మోటారు వేగం అందుకొనేటప్పుడు స్వరం పైకి లేచి, ఆగేటప్పుడు కిందికి జారుతుంది. చేత్తో మీట నొక్కి పలికించే రకం కూడా తరువాత వచ్చినది. ఈ హచిసనే అంతకు ముందు వినికిడి తక్కువైనవారి కోసం విద్యుత్తుతో పనిచేసే సాధనాన్ని తయారుచేసినవాడు. ఒక చేత చెవులిచ్చి, మరొక చేత వాటిని చెడగొట్టినాడని ఆయనపై ఒక చలోక్తి పుట్టినది. ఆ చలోక్తిలోని నిజం తరువాత తెలిసివస్తుంది.

క్లాక్సన్ బరువైనది, మోటారు, పళ్ళచక్రం ఉన్నందున అరుగుదల కూడా హెచ్చు. దానిని తోసిరాజని నిలిచినది కంపన హారను. జర్మనీలో బాష్ సంస్థ 1921లో తన విద్యుత్తు హారనును విడుదల చేసినది. ఇంగ్లండులో లూకస్ సంస్థ పేరు కూడా ఈ రంగంలో సుప్రసిద్ధం. నేడు స్కూటరు మొదలు బస్సు వరకు ఎక్కువ వాహనాలలో ఉన్నది ఈ జాతి హారనే. దీని మూలసూత్రం ఇంకా పాతది. తీగలో విద్యుత్తు పారితే పక్కనున్న అయస్కాంతపు సూది కదులుతుందని డెన్మార్కు దేశీయుడు ఆయర్‌స్టెడ్ 1820లో కనుగొన్నాడు. ఇంగ్లండులో విలియం స్టర్జియన్ 1825లో ఇనుపకడ్డీకి తీగ చుట్టి విద్యుదయస్కాంతాన్ని చేసి చూపినాడు.

హారనులో ఆ తీగచుట్ట ఎదుట ఒక పలుచని ఉక్కు రేకు ఉంటుంది. మీట నొక్కగానే విద్యుత్తు పారి, అయస్కాంతం రేకును తన వైపు లాగుతుంది. రేకు లోపలికి రావడంతోనే, దానికి తగిలి ఒక జత పాయింట్లు విడిపోతాయి, విద్యుత్తు ఆగుతుంది. అయస్కాంతం పట్టు విడుస్తుంది. రేకు తన బిగువు చేత వెనుకకు పోతుంది. పాయింట్లు మళ్ళీ కలుస్తాయి. ఈ లాగుడు, విడుపు సెకనుకు సుమారు 400 మార్లు జరిగితే మనం వినే స్వరం పుడుతుంది. రెండు హారనులను జతగా అమర్చిన కార్లలో ఒకటి సెకనుకు 400, రెండవది 500 కంపనలు చేస్తే, మొదటిదానిని షడ్జమమనుకొన్నప్పుడు రెండవది అంతర గాంధారమవుతుంది. చెవికి కటువుగాక, దూరం వినిపించే జత అది.

రేడియో ఉన్న ఇళ్ళవారికి ఈ పాయింట్ల సంగతి అనుభవంలో ఉన్నదే. మీడియం వేవు మీద కచేరీ వింటూ ఉండగా, ఇంటి ముందు స్కూటరు హారను మోగితే సెట్టులో చిటపటలు వినిపించవచ్చును. పాయింట్లు విడిపోయే ప్రతిసారీ చిన్న రవ్వ లేస్తుంది. ఆ రవ్వ ఒక బుల్లి ప్రసార కేంద్రమే. దానిని అణచడానికి పాయింట్లకు అడ్డంగా కండెన్సరునో, రెసిస్టెన్సునో కలుపుతారు. అది చెడితే మీ సెట్టులో చిటపటలు హెచ్చడమే గాక, హారను పాయింట్లు త్వరగా కాలిపోతాయి.

ఇక కృష్ణా డెల్టా సంగతి. 1852లో మొదలై 1855లో ముగిసిన ఆనకట్ట నుండి విజయవాడలో బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ బయలుదేరినవి. నీటితో పాటు పడవల బేరం కూడా ఆ కాలువల మీద సాగేది. మోటారు వచ్చేసరికి చాలా తావుల దానికి దొరికిన దారి కాలువగట్టు. ఒక పక్క నిండు నీరు, మరొక పక్క పల్లపు వరిచేను, నడుమ ఇరుకు బాట. ఆ బాట మీదనే గడ్డిమోపుల బండ్లు, సాయంకాలం ఇంటికి మళ్ళే గేదెలు, బడికి పోయే పిల్లలు. పైన చింతచెట్టో, తుమ్మచెట్టో అడ్డమైన మలుపు. అటువంటి చోట బ్రేకు కంటె ముందు పనికివచ్చేది హారనే. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బస్సు ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా దాటుతుంది. ధ్వని అదే సెకనులో సుమారు 340 మీటర్లు పోతుంది. గట్టు మీది మనిషికి పక్కకు తొలగే వ్యవధి ఇచ్చేది ఆ తేడాయే.

1957లో ప్రకాశం బ్యారేజి మీదుగా కృష్ణ దాటే రోడ్డు ఏర్పడినది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ అవతరించినది. హైదరాబాదు వైపు ఆ సంస్థకు పూర్వరూపం 1932లో 27 బస్సులతో నిజాము రైల్వే వారు నడిపిన రవాణా శాఖ. మద్రాసు, కలకత్తాల నడిమి రహదారి, హైదరాబాదు నుండి బందరు పోయే రహదారి విజయవాడలో కలిసినందున లారీల వ్యాపారం ఈ ఊరికి పట్టుగొమ్మ అయినది. 1960ల దశకంలో ఏర్పడిన జవహర్ ఆటోనగర్‌లో బాడీలు కట్టేవారు, కమానులు సరిచేసేవారు, బ్యాటరీల వారు, వైరింగు వారు ఎవరి షెడ్డు వారిదిగా స్థిరపడినారు. వైరింగు పనివాని చేతిలో ప్రధానమైన ఆయుధం రెండు తీగలు తగిలించిన చిన్న బల్బు. హారను రోగనిర్ణయానికి అంతకు మించి అక్కరలేదు.

ఆ నిర్ణయం ఎట్లా సాగుతుందో డెల్టావాసులకు చెప్పడం తేలిక. శివారు పొలానికి నీరు రాకపోతే రైతు పొలాన్ని తవ్వి చూడడు. కాలువ వెంట పైకి పోయి చూస్తాడు. హారనుకు బ్యాటరీ ఆనకట్ట వంటిది. ఫ్యూజు లాకు. మీట తూము. హారను శివారు పొలం. బ్యాటరీ నుండి హారనుకు వచ్చిన విద్యుత్తు వాహనపు ఇనుప బాడీ ద్వారా తిరిగి బ్యాటరీకి చేరవలెను. ఆ తిరుగుదారిని పనివారు ఎర్తు అంటారు. అది మన మురుగు కాలువ వంటిది. మురుగు కాలువ పూడితే పంట ఎట్లా చెడుతుందో డెల్టా రైతుకు వేరే చెప్పనక్కరలేదు. హారను మూగపోయినప్పుడు చాలా తడవలు దోషం హారనులో ఉండదు, దారిలో ఉంటుంది. ఇది తెలియక మంచి హారనును పారవేసి కొత్తది కొని, అదీ పలకక నివ్వెరపోయేవారు ఎందరో.

మొదట చెవితో పరీక్షించవలెను. మీట నొక్కితే ఏమీ వినిపించకపోతే దీపాలు వెలుగుతున్నవా అని చూడవలెను. అవి ప్రకాశంగా ఉంటే బ్యాటరీ బాగున్నట్లే. తరువాత ఫ్యూజు. కాలిన ఫ్యూజు స్థానంలో అంతే విలువ గలది వేయవలెనే గాని, లావు తీగ చుట్టరాదు. లాకు తలుపు తీసివేస్తే గట్టు తెగుతుంది. ఇక్కడ తెగేది వైరింగు, అంటుకొనేది బండి. కొత్త ఫ్యూజు కూడా వెంటనే కాలితే తీగ ఎక్కడో ఒరసుకొని బాడీకి తగులుతున్నదని గ్రహించవలెను.

ఫ్యూజు బాగుంటే బల్బు తీగలలో ఒకదానిని శుభ్రమైన ఇనుముకు తాకించి, రెండవదానిని హారను దగ్గరి తీగకు తాకించి, తోడుమనిషిని మీట నొక్కమనవలెను. బల్బు వెలిగితే నీరు పొలం దాకా వచ్చినట్లే. దోషం హారనులోనో, ఎర్తులోనో ఉన్నది. వెలగకపోతే దోషం పైన ఉన్నది. కొన్ని వాహనాలలో మీట నొక్కకముందే బల్బు వెలుగుతుంది. వాటిలో మీటను ఎర్తు వైపు అమర్చినారన్నమాట. అక్కడ తూము పొలానికి దిగువన ఉన్నది. అప్పుడు హారను రెండవ కొననుండి మీట వరకు ఉన్న దారిని వెదకవలెను. అనుమానం తీరకపోతే హారనును విప్పి, ఫ్యూజు గల తీగతో బ్యాటరీకి సూటిగా కలిపి చూడవచ్చును. అప్పుడు పలికితే ఆ హారను నిర్దోషి.

ఏమీ పలకక ఒక్కమారు "టక్" మంటే, అయస్కాంతం రేకును లాగినది గాని విడవలేదని అర్థం. పాయింట్లు అంటుకొని ఉండవచ్చును. వెనుకనున్న మర బిగుసుకొని ఉండవచ్చును. మర ఎక్కడ ఉన్నదో ముందు గుర్తు పెట్టుకొని, పావు చుట్టు ఇటో అటో తిప్పి చూడవలెను. విప్పదగిన హారనులో కాలిన పాయింట్లను మెత్తని ఉప్పుకాగితంతో తుడవవచ్చును. విప్పడానికి వీలులేకుండా మూసివేసిన నేటి హారనులకు మాత్రం మార్పిడే మార్గం. గొంతు బొంగురుపోతే బ్యాటరీ నీరసించినదా, ఎర్తు చోట తుప్పు పట్టినదా, హారను అంచు బాడీకి తగులుతున్నదా అని చూడవలెను. బందరు, దివిసీమల ఉప్పుగాలి తగిలే బండ్లకు ఈ తుప్పు ఇంటిచుట్టం వంటిది. గొట్టపు హారను నోరు కిందికి వంచి అమర్చితే వాన నీరు నిలవదు.

పెద్ద హారనుల జతకు విద్యుత్తు ఎక్కువ కావలెను. అంత ప్రవాహం మీట గుండా పోతే మీట కాలుతుంది. అందుచేత నడుమ రిలే అనే చిన్న పెట్టె పెడతారు. మీట కొద్దిపాటి విద్యుత్తుతో రిలేను కదిలిస్తుంది. రిలే అసలు ప్రవాహాన్ని వదులుతుంది. మీట నొక్కితే రిలే పలికి, హారను పలకకపోతే రిలే లోపలి పాయింట్లను శంకించవలెను. ఆ పాయింట్లు అంటుకుపోతే వ్యాధి తలకిందులై, హారను ఆగకుండా మోగుతుంది. అప్పుడు కంగారుపడి స్టీరింగును కొట్టరాదు; బండిని పక్కకు తీసి, ఫ్యూజునో, రిలేనో ఊడదీస్తే చాలును.

స్టీరింగు తిప్పినప్పుడే మోగి, తిప్పనప్పుడు మూగపోయేది మరొక తెగ. తిరిగే చక్రంలోని మీటకు కదలని వైరింగుతో సంబంధం కలిపే భాగం అక్కడ అరిగి ఉంటుంది. నేటి కార్లలో ఈ పని చేసేది చుట్టగా చుట్టిన పట్టీ తీగ. ప్రమాదంలో విచ్చుకొనే గాలిసంచి సంబంధం కూడా అందులోనే ఉంటుంది. హారను ఆగిపోవడంతో పాటు గాలిసంచి హెచ్చరిక దీపం వెలిగితే ఈ పట్టీ తెగినదని అనుమానించవలెను. ఇక్కడ చేతివాటం పనికిరాదు. గాలిసంచి పొరపాటున విచ్చుకుంటే ముఖం చితుకుతుంది. ఆ పనిని శిక్షణ పొందినవారికే అప్పగించవలెను.

మూగతనం ఒక రోగమైతే, వాచాలత అంతకంటె పెద్ద రోగం. హచిసన్ మీద చెప్పుకున్న చలోక్తి ఇక్కడ నిజమవుతున్నది. అందరూ ఒక్కసారి మోగిస్తే ఎవరి మాటా ఎవరికీ వినబడదు. వినబడనందున ప్రతివాడూ ఇంకా పెద్దది కొంటాడు. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలు ప్రతి వాహనానికి తగినంత వినిపించే హారను ఉండవలెనంటూనే, పలు స్వరాలు వరసగా పలికేవాటిని, చెవులు చిల్లులు పడే కర్కశ ధ్వనులను నిషేధించినవి. అవసరం లేకుండా, ఎడతెగకుండా హారను మోగిస్తే మొదటిసారి 1000 రూపాయలు, తరువాత 2000 రూపాయలు జరిమానా అని 2019 సవరణ చట్టం విధించినది. లారీల వెనుక వెలసిన "హారన్ ఓకే ప్లీజ్" అనే రాతను మహారాష్ట్ర ప్రభుత్వం 2015లో నిషేధించినది. ఆ రాత చదివినవారు తమ హారను తమ హక్కనుకున్నారే గాని, అది ఎదుటివానికిచ్చే సమాచారమని తలచలేదు.

పలకవలసిన చోట పలకని హారను, పలకరాని చోట పలికే హారను, రెండూ చెడినవే. మొదటిదానిని బాగుచేయడానికి ఒక బల్బు, రెండు తీగలు చాలును. రెండవదాని దోషం మీట మీది వేలిలో ఉన్నది. దానికి ఆటోనగర్‌లో మందు లేదు. బండి తీసేముందు చక్రాలలో గాలి చూసుకొన్నట్లే, వీధి మొదట ఒక్కమారు మీట నొక్కి, హారను పలుకుతున్నదని నిశ్చయించుకొనడం పెద్ద శ్రమ కాదు. ఆ పలుకు మన కోసం కాదు. కాలువగట్టు మలుపు అవతల, గడ్డిమోపు నెత్తిన పెట్టుకొని, మన బండిని చూడకుండా నడిచి వస్తున్న మనిషి కోసం.